ప్రొప్రయిటర్ విజయలక్ష్మి గారి తొలి నేరం

జనగామ జిల్లా పారిశ్రామికంగా ఎంత ఎదిగిందో ఇంకా అనుమానం ఉన్నవారి కోసం ఈ సంగతి తెలియజేస్తున్నాం. దేవరుప్పుల మండలానికి చెందిన విజయలక్ష్మి అనే గృహిణి మొన్న ఎండాకాలం మొదట్లో, పట్టపగలు జరిగిన రాగి వైరు దొంగతనం కేసులో అరెస్టయింది. అంతకుముందు మన వైపు ఆడవాళ్లకు ఇంత పెద్ద దొంగతనాలు చేసే అవకాశం ఉండేది కాదు. మహా అయితే పక్కింటి కరివేపాకు తెంపుకునేవారు. నేరం జరిగిన సమయంలో విజయలక్ష్మి ఇంట్లో కూర్చుని కందిపప్పు ఏరుతోంది. ఈ కాలపు పరిశ్రమల్లో పనులన్నీ దూరం నుంచే జరుగుతున్నాయి కాబట్టి పోలీసులకు ఇందులో వింతేమీ కనిపించలేదు.

ఆమె భర్త ప్రభాకర్ మండలంలో పేరున్న మనిషి. ఆయనది ఏ పార్టీ అని ఎవరూ అడగరు. ఏ పార్టీ గెలిచిందో తెలుసుకుంటే అదే తెలిసిపోతుంది. ఊరి పక్కన బోరు మోటార్ల ఫ్యాక్టరీ వచ్చినప్పుడు అందులోంచి తుక్కు ఎత్తే కాంట్రాక్టు ఆయన కంటబడింది. అయితే ఆ కాంట్రాక్టు మహిళలకే ఇస్తామని ఫ్యాక్టరీవాళ్లు ప్రకటించారు. ప్రకటన చదవగానే ప్రభాకర్ మనసులో స్త్రీల అభ్యుదయం పట్ల ఎప్పుడూ లేని ఆరాటం పుట్టింది. ఆ సాయంత్రమే భార్య ముందు కాగితాల కట్ట పెట్టాడు.

"గీడ సంతకం పెట్టు."

"ఏందియ్యి?"

"నీకెందుకు? నువ్వు ఓనర్‌వి."

విజయలక్ష్మి చేతికున్న పిండి కొంగుకు తుడుచుకుని, భర్త వేలు చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. తాను విజయలక్ష్మి ఎంటర్‌ప్రైజెస్ ప్రొప్రయిటర్నని ఆమెకు తెలిసింది మాత్రం బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టిన తర్వాతే. అందులో ఆమె ఫొటో తపాలా బిళ్లంత ఉంది. భర్త నమస్కారం పెడుతున్న ఫొటో నిలువెత్తున ఉంది. తుక్కు మోసే బండి కూడా ఆమె పేరు మీదే కొన్నారు. దాని అద్దం మీద 'స్త్రీ శక్తి' అని రాయించి, ప్రభాకరే నడుపుకునేవాడు.

ఫ్యాక్టరీ యాజమాన్యం అభ్యుదయం అక్కడితో ఆగలేదు. గేటు దగ్గర మహిళా సెక్యూరిటీ గార్డును నియమించారు. కొడకండ్ల దగ్గరి తండా నుంచి వచ్చిన సౌందర్య డిగ్రీ చదివిన అమ్మాయి. అతిథులు వస్తే సెల్యూట్ కొట్టడం, పూలగుత్తి అందించడం, ఫొటోలో కుడివైపు నిలబడడం ఆమె విధులని మేనేజరు ఓపికగా వివరించాడు. కానీ ఆ అమ్మాయికి లోకజ్ఞానం తక్కువ. యూనిఫాం మీద 'సెక్యూరిటీ' అని రాసి ఉండడం చూసి అదే నిజమనుకుంది.

ఆ రోజు మధ్యాహ్నం తుక్కు నింపుకున్న బండి గేటు దగ్గరికి రాగానే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆపన్నా. లోపల జర చూడాలె."

ప్రభాకర్ అద్దం దించాడు. "ఏం బిడ్డా, నేనెవలో ఎరుకేనా?"

"ఎరుకే అన్నా. అయినా చూడాలె."

పైన ఇనుప ముక్కలు, విరిగిన చెక్కపెట్టెలు ఉన్నాయి. వాటి కింద కవరు కూడా విప్పని రాగి వైరు చుట్టలు వరుసగా పేర్చి ఉన్నాయి.

"గిది తుక్కా అన్నా? ఇంక దీని కవరే విప్పలే."

"రేపటి తుక్కు ఇయ్యాల్నే తీస్కపోతున్నం. మీకే జాగ ఖాళీ అయితది గద?" అన్నాడు ప్రభాకర్. జవాబు బాగానే ఉంది కానీ అప్పటికే సౌందర్య విజిల్ ఊదేసింది. క్యాంటీన్‌లో తింటున్న కూలీలంతా చేతులు కడుక్కోకుండానే వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఇంతమంది చూశాక పోలీసులను పిలవక తప్పింది కాదు.

పోలీస్ స్టేషన్లో సీఐ చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించే మనిషి. కాంట్రాక్టు ఎవరి పేరు మీద ఉంది? విజయలక్ష్మి. బండి? విజయలక్ష్మి. లైసెన్సు? విజయలక్ష్మి. "మరి మీరెవరు?" అని అడిగాడు, కిందటి వారమే తనకు శాలువా కప్పిన ప్రభాకర్‌ను.

"నేనెవలను సార్? ఉత్త డ్రైవర్ని. ఓనరమ్మ పొమ్మంటే పోత, తెమ్మంటే తెస్త."

ఒక నాయకుడిలో ఇంత వినయం చూసి సీఐ ముచ్చటపడ్డాడు. ఆ మాటే వాంగ్మూలంగా రాయించుకుని, అసలు నేరస్తురాలి కోసం జీపు పంపించాడు.

మహిళా కానిస్టేబుల్ వచ్చేసరికి విజయలక్ష్మి పప్పు ఏరడం పూర్తికాలేదు. జీపు వెనకాలే వచ్చిన భర్తను అయోమయంగా చూసింది.

"నేనేం జేసిన?"

"నువ్వేం జెయ్యలే. జర నాల్గొద్దులు పోయిరా. ఆడిదానివని బెయిల్ జల్ది ఇస్తరు. నేను లోపలికి పోతె బయట పనులు ఎవలు చూస్తరు?"

"మరి ఇంట్ల పని?"

"అది నువ్వొచ్చినంక చూస్కో."

వాడకట్టంతా బయటికొచ్చి చూసింది. ఆమె దొంగతనం చేసిందంటే ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. ఎప్పుడూ నోరు మెదపకుండా ఉంటుందనీ, తనకు మొదటినుంచీ అనుమానమేననీ ఎదురింటావిడ విలేకరికి చెప్పింది. మర్నాడు జిల్లా పేజీలో 'నేరాల బాటలో నారీమణి' అని వార్త వచ్చింది. ఈసారి ఆమె ఫొటో పెద్దదే వేశారు.

హనుమకొండ హాస్టల్లో ఉంటున్న కూతురు అక్షిత ఆ పేపరు చూసి, కోర్టుకు తీసుకెళ్లే ముందు కానిస్టేబుల్ ఫోనుకు ఫోన్ చేసింది. "అమ్మా, నువ్వా ఫ్యాక్టరీ ఎట్లుంటదో చూడనే లేదు గదనే?" అంది. అప్పటిదాకా కళ్లు తుడుచుకోవాల్సిన అవసరం రాని విజయలక్ష్మి ఆ మాటకు ఏడ్చింది. "లేదు బిడ్డా, చూడలే. మీ బాపు చూపియ్యలే" అంది.

జైలులో ఆమెకు మంచి సహవాసం దొరికింది. భూపాలపల్లి నుంచి వచ్చిన ఒకామె పేరు మీద ఆమె భర్త చిట్టీల వ్యాపారం నడిపి మునిగాడు. మహబూబాబాద్ ఆమె నకిలీ విత్తనాలు అమ్మిన దుకాణానికి యజమాని. దుకాణంలో కూర్చునేది మరిది. వాళ్లెవరూ తమ తమ నేరస్థలాలను చూసినవాళ్లు కాదు. మన మహిళలు పరిశ్రమలో, వాణిజ్యంలో, వ్యవసాయంలో సమానంగా దూసుకుపోతున్నారనడానికి ఆ గది కన్నా మంచి ప్రదర్శన జిల్లాలో ఇంకెక్కడా లేదు. ముగ్గురూ రాత్రిళ్లు నిద్రపట్టక, సంతకం పెట్టిన రోజు ఏం కూర వండామా అని గుర్తు చేసుకునేవాళ్లు.

సరిగ్గా ఆ రోజుల్లోనే జనగామలో ఒక ఫంక్షన్ హాల్లో 'పారిశ్రామికీకరణ – మహిళల్లో పెరుగుతున్న నేర ప్రవృత్తి' అనే సదస్సు జరిగింది. బాధిత కుటుంబ సభ్యుడిగా ప్రభాకర్‌ను అధ్యక్షత వహించమన్నారు. ముఖ్య వక్తగా వచ్చిన ఆచార్యులవారు గంటకు పైగా మాట్లాడారు. "సోదరులారా! యూరప్ ఖండంలో ఆవిరి యంత్రాలు రాగానే ఏం జరిగింది? స్త్రీ పొయ్యి విడిచింది. మిల్లుకు నడిచింది. చేతికి జీతం వచ్చింది, వెనకాలే నేరం వచ్చింది. మాంచెస్టర్ నగరం వందల ఏళ్ల కింద చూసిన ఆ దశను మన దేవరుప్పుల ఈనాడు అందుకుంది! ఇది విచారించవలసిన విషయమే. కానీ ఒక విధంగా గర్వించవలసిన విషయం కూడా!" సోదరులు చప్పట్లు కొట్టారు. సోదరీమణులు వెనక గదిలో టిఫిన్ ప్లేట్లు సర్దుతున్నందువల్ల వినలేకపోయారు. అధ్యక్షుడు తన ముగింపు మాటల్లో, ఇంటి ఇల్లాలిని కనిపెట్టుకుని ఉండాలని మగవారికి కన్నీళ్లతో విజ్ఞప్తి చేశాడు.

ఫ్యాక్టరీలోనూ తగిన చర్యలు తీసుకున్నారు. ప్రముఖులతో మర్యాద తప్పినందుకు సౌందర్యను గేటు నుంచి తప్పించి, ఆవరణలోని గులాబీ మొక్కల భద్రత అప్పగించారు.

బెయిల్ మీద ఇంటికొచ్చిన విజయలక్ష్మికి భర్త స్వయంగా తలుపు తీశాడు. చేతిలో కొత్త కాగితాలున్నాయి.

"అచ్చినవా? గీ టెండరు మీద సంతకం పెట్టి తానం జెయ్యి."

"సదివి పెడ్త" అంది విజయలక్ష్మి.

ప్రభాకర్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయిందన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఆమెకూ గుర్తులేదు. ఆ కాగితాలు, కోర్టులో ఇచ్చిన కేసు కాగితాలు, బీరువాలోని పాత కాగితాలు ముందేసుకుని, పొయ్యి వెలిగించకుండా పొద్దుగూకేదాకా చదివింది. కొన్ని మాటలు రెండుసార్లు చదవాల్సి వచ్చింది. తన పేరున్న ప్రతి చోటా పెన్సిలుతో గీత గీసింది.

మర్నాడు ఆటో ఎక్కి ఫ్యాక్టరీకి వెళ్లింది. మేనేజరు ఆమెను అంతకుముందు పేపర్లోనే చూశాడు.

"కాంట్రాక్టు రద్దు చేద్దామనుకుంటున్నామమ్మా" అన్నాడు.

"చెయ్యున్రి సారూ. రద్దు చేసేటప్పుడు ఆ చుట్టలు మీ స్టోరు తాళం తీసి ఎవలిచ్చిన్రో గూడ రాయున్రి. దొంగతనం నాదన్నరు, ఒప్పుకుంట. దొంగతనం నాదైతె దుకాణం గూడ నాదే గద?"

మేనేజరు ఆలోచించుకున్నాడు. స్టోరు తాళం ఆయన బావమరిది దగ్గర ఉంటుంది. మహిళా సాధికారత మీద తమకెంత నిబద్ధత ఉందో అప్పటికప్పుడు గుర్తొచ్చి, కాంట్రాక్టు కొనసాగిస్తామన్నాడు. "నా బండి తనిఖీ ఆ పిల్లనే చెయ్యాలె" అని కిటికీలోంచి గులాబీ మొక్కల వైపు చూపించింది విజయలక్ష్మి. సౌందర్య చేతిలోని నీళ్ల పైపు వదిలేసి వచ్చింది.

అక్కడినుంచి ఇద్దరూ పోలీస్ స్టేషన్‌కు పోయారు. సీఐ లేచి నిలబడబోయి, కూర్చున్నాడు.

"ఫిర్యాదు ఇయ్యనీకి వచ్చిన సార్. నా డ్రైవర్ మీద."

"ఏం చేశాడమ్మా?"

"ఓనర్‌కు చెప్పకుంట నా బండిల కొత్త వైరు ఎక్కిచ్చిండు. గీ పిల్ల సాక్ష్యం."

"డ్రైవర్ పేరు?"

"మీరే రాస్కున్నరు గద సార్."

సీఐ గ్లాసెడు నీళ్లు తాగాడు. "ఆయన మీ భర్త కదమ్మా!"

"ఇంట్ల సార్. బండిల ఉత్త డ్రైవరేనని ఆయనే చెప్పిండట."

ఆమె మీద ఆరోపణ వచ్చినప్పుడు అది నేరం. ఆయన మీదికి రాగానే అది కుటుంబ వ్యవహారమైపోయింది. భార్యాభర్తలిద్దరికీ కౌన్సెలింగ్ ఇప్పిస్తానన్నాడు సీఐ. "నన్ను నారీమణి అని రాసినాయనకు ఫోన్ జేసిన. బయట నిలబడ్డడు సార్" అంది విజయలక్ష్మి. సీఐ కిటికీలోంచి చూశాడు. కేసు నమోదైంది. ప్రభాకర్ ఆ సాయంత్రం లోపలికి పోయి, నాలుగు రోజులకు బయటికొచ్చాడు. బెయిల్ మగవాళ్లకు కూడా జల్దీగానే ఇస్తారని అప్పుడు తెలిసింది.

ఇక ఊరు ఊరుకోలేకపోయింది. పెద్దమనుషులు ఇంటికొచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. అందరిలో పెద్దాయన మొదలుపెట్టాడు.

"అమ్మా, దొంగతనం ఏ ఇంట్ల లేదు? గని మొగని మీద కేసు పెట్టుడు ఏ ఇంట్ల ఉన్నది? మండలం పరువేంగావాలె?"

"నేను లోపలున్నప్పుడు మీరు ఒక్కలన్న రాకపోతిరి బాపూ."

"అప్పుడు మేం చెప్పనీకి ఏమున్నది బిడ్డా? అది చట్టప్రకారం నడిచింది" అన్నాడు పెద్దాయన నిజాయితీగా.

విజయలక్ష్మి కేసు వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడు జనగామ కోర్టులో రెండు కేసులూ నడుస్తున్నాయి. వాయిదా రోజున ఆమె కొత్త డ్రైవరు నడిపే తన బండిలో ముందు సీట్లో కూర్చుని వెళ్తుంది. ప్రభాకర్ బస్సులో వెళ్తాడు. ఎదురింటావిడ వాళ్లింటికి రావడం మానేసింది. ఫ్యాక్టరీలో ఇప్పుడు కొత్త వైరు కొత్తదిగానే ఉంటోంది. దీనివల్ల చాలామంది ఇబ్బంది పడుతున్నారని వినికిడి.

పాఠక మహాశయులకు ఒక్క మనవి. ప్లాటు రిజిస్ట్రేషన్ కోసమో, సబ్సిడీ కోసమో, పన్నులవాళ్ల కోసమో మీరు కూడా ఇంట్లో ఎవరి పేరు మీదో ఏదో ఒకటి పెట్టే ఉంటారు. స్త్రీల అభ్యుదయానికి మీ వంతు కృషి చేసినందుకు అభినందనలు. చదవడం అయిపోయాక ఈ పుస్తకాన్ని కొంచెం ఎత్తయిన అల్మారాలో పెట్టండి.