ఓర్విల్ ప్రశాంతత

ఆ సోమవారం పొద్దున ఓర్విల్ పెట్టుకున్న పని ఒక్కటే. క్లినిక్‌కు వెళ్లి రక్తపోటు చూపించుకోవాలి. అది హద్దులో ఉంటే డాక్టరు సంతకం పెడతాడు, స్కూలు బస్సు నడిపే పని మళ్లీ ఓర్విల్ చేతికి వస్తుంది. లేకపోతే ఇంట్లో కూర్చోవాలి. ఇంట్లో అతని భార్య మార్లిస్ ఉంటుంది. పోయినసారి రక్తపోటు కాస్త ఎక్కువ చూపించినప్పటి నుంచి, భర్తను ప్రశాంతంగా ఉంచే బాధ్యత ఆవిడ తన నెత్తిన వేసుకుంది.

ఆ రోజు ప్రశాంతత లేవగానే మొదలైంది. మార్లిస్ కాఫీ పొడి దాచేసింది. వేయించిన బేకన్ మాంసం బదులు ఉడికించిన ఓట్స్ పెట్టింది. ఓర్విల్ చెంచా నోట్లో పెట్టుకోగానే ఎదురుగా కూర్చుని పత్రిక చదివి వినిపించింది.

"ఒత్తిడి ఎక్కువైతే గుండె దడదడలాడుతుందట. మెడ పట్టేస్తుంది, కడుపులో మంట, నిద్ర పట్టదు, జుట్టు ఊడుతుంది. వింటున్నావా?"

"వింటున్నా."

"దవడ బిగించకు! అది కూడా ఒత్తిడేనట!"

దవడ బిగిసింది ఓట్స్ వల్ల అని ఓర్విల్ చెప్పలేదు. పెళ్లయ్యాక అతను నేర్చుకున్న ఒత్తిడి నివారణ మార్గం అదొక్కటే.

కారులో మార్లిస్ పక్కనే కూర్చుంది. నాలుగు వైపులా 'ఆగు' బోర్డులున్న కూడలిలో ఓర్విల్ కారు ఆపాడు. ఎలాగూ ఆగాం కదా అని ఆవిడ వ్యాయామం మొదలుపెట్టింది.

"కళ్లు మూసుకో. ఊపిరి పీలుస్తూ చెయ్యి పైకెత్తు. వదులుతూ మెల్లగా దించు. మెల్లగా అన్నానా! మెల్లగా అంటే అర్థం కాదా నీకు?"

అమెరికాలో మా మిన్నెసోటా వైపు అలాంటి కూడలి దగ్గర చెయ్యెత్తితే 'ముందు మీరు వెళ్లండి' అని అర్థం. ఎదుటి ట్రక్కులో ఉన్న గోర్డీ మర్యాదస్తుడు, 'అబ్బే, మీరే' అన్నట్టు చెయ్యి ఊపాడు. ఎడమవైపు కారులోంచి డెలోరిస్ ఇద్దరికీ ఊపింది. కుడివైపు పాస్టరుగారు ముగ్గురికీ ఊపారు. అందరి వెనకా కార్లు బారులు తీరాయి. హారన్ మాత్రం ఎవరూ కొట్టలేదు. మా ఊళ్లో హారన్ కొట్టడం కంటే గుద్దెయ్యడం మర్యాద.

చివరికి గోర్డీ దిగి వచ్చాడు. అతను ఊరి అగ్నిమాపక దళంలో స్వచ్ఛందంగా పనిచేస్తాడు, చాలాకాలంగా ఒక్క ఆపదా దొరక్క ముఖం వాచి ఉన్నాడు. కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తి దించుతున్న ఓర్విల్‌ను చూసి గబగబా కిటికీ తట్టాడు.

"ఏమైంది ఓర్విల్? ఒంట్లో ఎలా ఉంది?"

"పర్లేదు," అన్నాడు ఓర్విల్.

గోర్డీ ముఖం పాలిపోయింది. మా వైపు జ్వరం వచ్చినవాడు 'బ్రహ్మాండం' అంటాడు. కాలు విరిగినవాడు 'బాగున్నా' అంటాడు. 'పర్లేదు' దాకా వచ్చాడంటే ఇక పాస్టరును పిలవాల్సిందే. పాస్టరుగారు ఎలాగూ అక్కడే ఉన్నారు.

"గుండెపోటు! అంబులెన్స్ పిలవండి!"

"గుండెపోటూ లేదు, నీ మొహమూ లేదు!" అని అరిచింది మార్లిస్. "ప్రశాంతంగా ఉన్నాడయ్యా ఆయన!"

"పాపం, షాక్‌లో ఉన్నావే మార్లిస్! సాయంత్రం బంగాళాదుంపల క్యాసరోల్ చేసి పంపిస్తాలే," అని కారు దిగి వచ్చిన డెలోరిస్ కళ్లొత్తుకుంది. చావు కబురు వింటే తప్ప ఆవిడ ఆ వంటకం ఓవెన్‌లో పెట్టదు.

అంబులెన్స్ వచ్చి ఓర్విల్‌ను ఎక్కించుకుని అదే క్లినిక్‌కు తీసుకుపోయింది. వెంట వెళ్దామంటే మార్లిస్‌కు దారి లేదు, కూడలిలో జనం ఇంకా ఒకరికొకరు చేతులూపుకుంటున్నారు. చర్చి గాయక బృందంలో ముందు వరసలో నిలబడే ఆ ఇల్లాలు స్టీరింగ్ ముందుకు జరిగి హారన్ మీద మోచెయ్యి పెట్టి మరి తియ్యలేదు. ఊరంతా ఆవిడ వంక చూసింది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. మా ఊళ్లో అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

అంబులెన్స్‌లో ఓర్విల్‌కు ఆక్సిజన్ మాస్కు తగిలించి, మాట్లాడకుండా పడుకోమన్నారు. ఊపిరి ఎలా పీల్చాలో చెప్పేవాళ్లు పక్కన ఎవరూ లేరు. అతను హాయిగా నిద్రపోయాడు.

"గుండె గుండ్రాయిలా ఉంది. రక్తపోటు కుర్రాళ్లకు ఉన్నట్టుంది," అంటూ డాక్టరు సంతకం పెట్టేశాడు. ఆనందంతో ఓర్విల్ కళ్లు చెమర్చాయి.

అప్పుడే తలుపు తోసుకుని మార్లిస్ వచ్చింది. "ఆయన్ని ప్రశాంతంగా ఉండనివ్వండి!" అంటూ ఆవిడ వేసిన కేకకు నర్సు చేతిలో ట్రే జారిపడింది. మార్లిస్ ముఖం చూసి డాక్టరు ఆవిడ చేతికి రక్తపోటు పట్టీ చుట్టాడు. యంత్రం చూపించింది నమ్మలేక ఇంకోటి తెప్పించాడు. అదీ అదే చూపించింది.

"ఓర్విల్, ఈవిడకు రక్తపోటు ప్రమాదంలో పడేసేంత ఉంది. మందులు రాస్తాను, కానీ ఒంటరిగా మాత్రం వదలకూడదు. స్కూలు వాళ్లకు నేను చెబుతాను. వేసవి సెలవుల దాకా బస్సు మానేసి ఈవిడ పక్కనే ఉండు."

ఓర్విల్ సంతకం పెట్టిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీరేం దిగులు పడకండి డాక్టర్," అంది మార్లిస్ కాస్త తేరుకుని. "ఇద్దరం కలిసే ప్రశాంతంగా ఉంటాం. రోజంతా."

ఆ తర్వాత ఓర్విల్ రక్తపోటు ఎవరూ కొలవలేదు.