జనార్దనంగారి ఏనుగుపిల్ల

ఈ-మెయిల్ వచ్చాక ఒకరిని ఏడిపించడం ఎంత సుఖమైపోయిందో గమనించారా? ఇదివరకు ఒక పిల్లను ఏడిపించాలంటే ఎండలో ఆమె ఎదురుగా నిలబడాలి. చెంపదెబ్బకు సిద్ధపడాలి. ఎంత శ్రమ! ఈ 1999లో మద్రాసు వాషర్‌మెన్‌పేట్ బ్రౌజింగ్ సెంటర్‌లో ఫ్యాను కింద కూర్చుంటే చాలు!

ఆ సౌకర్యానికి మొదట బలైంది పదో తరగతి లక్ష్మీప్రియ. నాన్న కామేశానిది అప్పడాల వ్యాపారం. "లక్ష్మీప్రియ నవ్విందంటే గోడౌన్‌లో అప్పడాలన్నీ విరిగిపోతాయి" అని పేరులేని మెయిల్ ఒకటి క్లాసంతా తిరిగింది. ఆ అమ్మాయి నవ్వడం మానేసింది. ఆనక మాట్లాడటమూ మానేసింది. క్లాసులో అల్లరి తగ్గిందని టీచర్లు సంతోషించారు!

స్కూలు కరస్పాండెంట్ జనార్దనంగారు మాత్రం ఊరుకోలేదు. "చుమ్మా, ఊరికే తమాషాకి రాసినారు, దీనికా ఏడుపు?" అని ఆమెను ఓదార్చి, పిల్లల్లో జాలి పుట్టాలంటే కథే మందని తేల్చేశారు.

అందరినీ హాల్లో కూర్చోబెట్టి, తలుపులు మూయించి మొదలెట్టారు. కోతులు వెక్కిరిస్తే ఏనుగుపిల్ల ఏడ్చిందట. కన్నీళ్లు చెరువయ్యాయట. కోతులు మునిగాయట. అయ్యో మునిగాయే అని ఏనుగుపిల్ల మళ్లీ ఏడ్చిందట. భోజనం వేళ దాటినా అది ఏడుస్తూనే ఉంది. ఆకలికి పిల్లలూ ఏడ్చారు.

"చూసినారా, గుండెలు కరిగినాయి!" అని ఆయన కళ్లు తుడుచుకున్నారు.

మర్నాడు కొత్త మెయిల్! ఏనుగు బొమ్మకు జనార్దనంగారి మీసాలు. స్టాఫ్‌రూమ్‌లో ప్రింటు తీసి మరీ నవ్వుకున్నారు.

ఆయన పోలీసులకు ఫోన్ చేశారు. బ్రౌజింగ్ సెంటర్ మూయించమన్నారు. ఇంటర్నెట్టునే మూయించాలంటే ఎవరికి అర్జీ పెట్టాలని అడిగారు. చివరికి గది తలుపు వేసుకుని కూర్చున్నారు. వరండాలో ఎవరు నవ్వినా తనను చూసే అనిపించింది. భోజనం క్యారియర్ మూత తీయలేదు.

తలుపు తోసుకుని లక్ష్మీప్రియ వచ్చింది, చేతిలో టిఫిన్ డబ్బాతో.

"మొదట్లో ఇట్లే ఉంటాది సార్. ఒంటిగా తినబాకండి. నేనూ ఈడే తింటా."

ఆయన కుర్చీ జరిపారు. క్యారియర్ విప్పారు.

"నిన్ను ఇంకా ఏమేమి అన్నారు పాపా?"

అన్నాళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. లక్ష్మీప్రియ చెప్పడం మొదలుపెట్టింది. బెల్లు మోగింది. ఆయన లేవలేదు.

కాబట్టి, పాఠకులారా, పిల్లల్ని మార్చే పని తర్వాత చూద్దాం. ముందు పెద్దవాళ్లందరికీ తలా ఒక మెయిల్ పంపించండి!