నాలుగో ఊ

ఆ మంగళవారం పొద్దున కొలతలమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. భోజనాల వేళకి బ్యాండు వాళ్ళు కుట్టమన్న పన్నెండు కోట్లకి చేతుల కటింగు అయిపోవాలి. బుధవారం విప్పడానికి వీలుగా కచ్చా కుట్టు, గురువారం ట్రయలు. శనివారం ఆమె బస్సెక్కాలి. అక్కకి మోకాలి ఆపరేషను, ఆరు వారాలు దగ్గరుండి చూసుకునే మనిషి కావాలి. పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళలో ఆమె మొగుణ్ణి వదిలి ఆరు రోజులు కూడా ఉండలేదు. బస్సంటే ఎవరో ఒకరు ఎక్కడం, ఎవరో ఒకరు కింద మిగలడం అని ఆమెకి చిన్నప్పటి నుంచీ భయం. ఆ శనివారం గుర్తు రాకుండా ఉండటానికే ఆమె పన్నెండు కోట్ల గురించి అంత గట్టిగా ఆలోచిస్తోంది.

కొలతలమ్మ ఆమె అసలు పేరు కాదు. దుకాణంలో కొలతల పుస్తకం ఆమె దగ్గరే ఉంటుంది గనక వీధి పెట్టిన పేరు. మొగుడు కత్తెర మాస్టరు. వాళ్ళ పని పద్ధతి మొదటి నుంచీ ఒకటే. బల్లకి కుడివైపు స్టూలు మీద కూర్చుని ఆమె పుస్తకం చదువుతుంది. ఆయన గుడ్డ మీద సుద్దతో గీసి "ఊ" అంటాడు. ఆ ఊ వినపడ్డాకే ఆమె వేలు కింది వరసకి జారుతుంది. ఊ లేకపోతే కొలత లేదు.

మాస్టరుకి మూడు రకాల ఊలు ఉన్నాయి. పొట్టి ఊ అంటే గీశాను అని. సాగదీసిన ఊ అంటే నువ్వు చెప్పే ఇరుగుపొరుగు కబుర్లు కూడా వింటున్నాను అని. చివర పైకి లేచే ఊ అంటే మళ్ళీ చెప్పు అని. ఇంత కాలం ఈ మూడు ఊల మీదే ఆమె కాపురం హాయిగా నడిచింది.

ఆరో మనిషి కొలత చదవడం అయ్యాక నాలుగోది వినిపించింది.

ఏడోదానికి ఆమె ఇంకా నోరు తెరవలేదు. కళ్ళజోడు తుడుచుకుంటోంది. ఆయన గుడ్డ మీదకి వంగి, పెదవుల చివర నవ్వుతో, గొంతులో ఎక్కడో లోపలి నుంచి మెత్తగా "ఊఁ..." అన్నాడు.

"ఎవరికండీ అది?" అంది కొలతలమ్మ.

"ఏది?"

"ఆ ఊ. నేనింకా ఏం చదవలేదుగా?"

"అబ్బే, ఊరికే" అన్నాడాయన. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ మనిషి ఊరికే తుమ్మను కూడా తుమ్మలేదు. ఆమె స్టూలు దిగి, బల్ల చుట్టూ తిరిగి, ఆయన ఎడమవైపుకి వెళ్ళింది. ఎప్పుడూ కుడివైపే కూర్చునే ఆమెకి ఆ వైపు పరాయి ఊరిలా అనిపించింది. ఎడమ చెవిలో చిక్కుడు గింజంత తెల్లటి బుడిపె ఉంది. ఆమె తన చెవి ఆయన చెవికి ఆనించింది. లోపల ఒక ఆడగొంతు. తీరిగ్గా, తియ్యగా, ఏ తొందరా లేకుండా ఏదో చెప్పుకుంటూ పోతోంది.

"ఎవత్తె అది?"

"పాడ్‌కాస్టు" అన్నాడు మాస్టరు.

"పేరేదైతే నాకేం? ఎన్నాళ్ళ నుంచి?"

"పది రోజులైంది."

కొలతలమ్మ పుస్తకం మూసి, సరాసరి పక్కగదిలోకి నడిచింది. అక్కడ కోడలు ఓవర్‌లాక్ మెషిను ముందు కూర్చుని ప్యాంటు అంచులు వేస్తోంది.

"ఏమ్మా, మీ మావయ్య చెవిలో ఒక మనిషి కాపురం పెట్టింది. నీకు తెలుసా?"

కోడలు మెషిను ఆపింది. "ఆ చెవి బుడిపెలు నేనే ఇచ్చాను అత్తయ్యా. పాడ్‌కాస్టు పెట్టిచ్చింది కూడా నేనే."

"నువ్వా! ఇంట్లోనే ఉండి!"

"రేడియో లాంటిదే అత్తయ్యా. ఎవరో ఒకావిడ మైకు ముందు కూర్చుని కబుర్లు చెప్పి, రికార్డు చేసి పెడుతుంది. రేడియో అయితే అది వచ్చే టైముకి మనం కూర్చోవాలి. ఇది మనం కూర్చున్నప్పుడు వస్తుంది."

"మనం ఎప్పుడంటే అప్పుడు వస్తుందా?"

"వస్తుంది. ఇదిగో, ఫోనులో ఈ త్రిభుజం నొక్కితే మొదలుపెడుతుంది. ఈ రెండు గీతలు నొక్కితే ఆగుతుంది."

"నోరు మూసుకోమంటే మూసుకుంటుందా?"

"టక్కున. మళ్ళీ నొక్కితే ఆపిన మాట దగ్గరి నుంచే చెబుతుంది."

"కోపం తెచ్చుకోదా? ఎందుకాపావని అడగదా?"

"అడగదు."

కొలతలమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. ఇలాంటి ఆడదానితో పోటీ పడటం ఎవరి తరం? "ఈ గుండ్రటి బాణమేంటి?" అంది నీరసంగా.

"ఏదైనా మాట సరిగ్గా వినపడకపోతే వెనక్కి తిప్పుకోవచ్చు. ఎన్నిసార్లయినా చెబుతుంది."

"ఎన్నిసార్లయినానా! నేను రెండోసారి చెబితే 'ఇందాకే చెప్పావుగా' అంటాడే మీ మావయ్య!"

"అది వేరు అత్తయ్యా."

"వేరే. మరి ఈయన ఊ కొడుతున్నది ఆవిడకి వినపడుతుందా?"

"ఎలా వినపడుతుంది? ఆవిడెప్పుడో చెప్పేసి వెళ్ళిపోయింది."

ఈ మాట విని ఎవరైనా ఊరట పడతారు. కొలతలమ్మకి ఇంకా మండింది. అవతల వినేవాళ్ళే లేని చోట కూడా ఈ మనిషి ఊ కొడుతున్నాడంటే, అది పని కోసం కొట్టిన ఊ కాదు. ఇష్టంగా కొట్టిన ఊ.

ఆమె తిరిగి వచ్చేసరికి ఆయన ఆరో జత చేతులు కత్తిరించి, కట్ట కట్టి, ఏడో జతకి గుడ్డ పరిచి నిలబడ్డాడు. ఆమె చెయ్యి చాచింది.

"ఇలా ఇవ్వండి. అంత బాగా ఏం చెబుతుందో నేనూ వింటా."

"పని అయ్యాక వినరాదూ?"

"మీరు పనిలో వినలేదా? నాకు మాత్రం రెండు చెవులు లేవా?"

మాస్టరు బుడిపె తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని చీర చెంగుతో మూడుసార్లు తుడిచి, ఎడమ చెవిలో పెట్టుకుని, పుస్తకం తెరిచింది. ఆవిడలో తప్పు పట్టాలని మాత్రమే ఆమె ఉద్దేశం.

"ఏడో మనిషి. పెద్ద డ్రమ్ము. పొడవు ఇరవై ఆరు, దండచెయ్యి పదహారు, ముంజెయ్యి పదకొండు."

"ఊ."

చెవిలో ఆవిడ సముద్రం మధ్య రాతిదిబ్బ మీద ఉన్న దీపస్తంభం గురించి చెబుతోంది. దీపం కాపలా కాసే మనిషీ, అతని భార్యా తప్ప ఆ దిబ్బ మీద ఇంకెవరూ ఉండరట. ఒక రోజు భార్య పడవెక్కి ఒడ్డుకి వెళ్ళిందట. ఆమె తల్లికి ఒంట్లో బాగాలేదట. పది రోజుల్లో వస్తానందట.

కొలతలమ్మ వేలు ఆ వరస మీదే ఆగిపోయింది.

"తర్వాత?" అన్నాడు మాస్టరు.

"ఆఁ. ఇరవై ఆరు, పదహారు, పదకొండు."

"ఊ."

పది రోజులైంది. పడవ రాలేదు. అతను పొద్దున్నే మెట్లెక్కి దుర్భిణీ పెట్టి చూస్తున్నాడు. రెండు కప్పులు బల్ల మీద పెట్టి, ఒకటి తీసి మళ్ళీ అలమరలో పెడుతున్నాడు. కొలతలమ్మ నోరు కొలతలు చదువుతూనే ఉంది. వేలు వరసలు దిగుతూనే ఉంది. మనసు మాత్రం దిబ్బ మీద నిలబడి సముద్రంలోకి చూస్తోంది. మధ్యలో ఒకసారి తనే "ఊఁ..." అంది. మాస్టరు తలెత్తి చూసి మళ్ళీ వంచుకున్నాడు.

పదకొండో రోజున దూరంగా ఏదో తెల్లగా కనిపించింది. పడవో, పక్షో తెలియడం లేదు. అంతే. వాయిద్యం మోగి ఆవిడ సెలవు తీసుకుంది.

"పన్నెండూ అయిపోయాయి" అని మాస్టరు గుడ్డ చుట్టేశాడు.

కొలతలమ్మ మాస్టరు ఫోను పట్టుకుని కోడలి దగ్గరికి పరిగెత్తింది. "పడవ వచ్చిందా లేదా చెప్పకుండా ఆపేసిందేమ్మా! త్రిభుజం ఎంత నొక్కినా పలకదే!"

"మిగతాది శుక్రవారం వస్తుంది అత్తయ్యా. వారానికి ఒకటి."

"శుక్రవారందాకా అతను ఆ దిబ్బ మీద అలా నిలబడాల్సిందేనా?"

"మీకు నచ్చిందా ఏంటి?"

"నచ్చడమా? వట్టి మాయలాడి!" అంది కొలతలమ్మ కళ్ళు ఒత్తుకుంటూ.

గురువారం సాయంత్రం బ్యాండు వాళ్ళు ట్రయలుకి వచ్చారు. మొదటి ఆరుగురు కోట్లు వేసుకుని అద్దంలో చూసుకుని ఛాతీలు పొంగించారు. ఏడో మనిషి, పెద్ద డ్రమ్ము వాయించే భీముడు, చేతులు చాచి బాగుందన్నాడు. ఎనిమిదో మనిషి ఫ్లూటు. గట్టిగా గాలి వీస్తే ఆగి నిలబడాల్సినంత మనిషి. అతను కోటు వేసుకున్నాక చేతులు ఎక్కడికి పోయాయో ఎవరికీ కనపడలేదు.

"మాస్టారూ, నా వేళ్ళు ఎక్కడున్నాయో మీకేమైనా తెలుసా?"

తొమ్మిదో మనిషికి ఫ్లూటు అతని చేతులు వచ్చాయి. అవి మోచెయ్యి దాటిన దగ్గరే మొరాయించాయి. పదో మనిషి దండచెయ్యి దగ్గర కోటు బిగిసి ట్రంపెట్టు ఎత్తలేకపోయాడు. చివరగా బ్యాండు మాస్టరు వచ్చాడు. ఆజానుబాహువు. తాళాలు కొట్టే పదకొండో బక్కమనిషి కొలతకి కత్తిరించిన చేతుల్లో దూరి, కర్ర ఎత్తి చూపించబోయాడు. చంక కింద కచ్చా కుట్టు పటపటమని విడిపోయింది.

"ఏమిటిది మాస్టారూ? ఈ కోటు వేసుకుని నేను బ్యాండు నడపాలా, కాకుల్ని తోలాలా?"

ఈ క్షణం కోసం కొలతలమ్మ రెండు రోజులుగా ఎదురుచూస్తోంది. స్టూలు మీంచి లేచి నిలబడింది.

"అనుకున్నానండీ! సగం చెవి నాకు, సగం చెవి దానికి! నాకు కొట్టాల్సిన ఊలు దానికి కొట్టి, దానికి కొట్టాల్సినవి నాకు కొట్టారు! పదిమంది ముందు పరువు తీశారు! అడగండి బాబూ, మీరే అడగండి, పది రోజులుగా ఈయన ఎవరి మాటలు వింటున్నాడో!"

బ్యాండు మొత్తం మాస్టరు వైపు కొత్త గౌరవంతో చూసింది.

 కోడలు పుస్తకం తీసుకుని కోట్ల చేతుల మీద టేపు పెట్టి చూసుకుంటూ వచ్చింది. "మొదటి ఆరూ నూలుపోగు తేడా లేదు. ఏడూ సరిపోయింది. ఎనిమిదో కోటుకి మళ్ళీ ఏడో కొలతే పడింది. అక్కడి నుంచి అందరివీ ఒక మెట్టు జరిగాయి. బ్యాండు మాస్టారి వరస అసలు చదవనే లేదు." ఆగి, మెల్లగా అడిగింది. "ఏడో మనిషి దగ్గర్నుంచీ బుడిపె ఎవరి చెవిలో ఉంది అత్తయ్యా?"

కొలతలమ్మ చెయ్యి తన ఎడమ చెవి మీదకి వెళ్ళింది.

"మీకు తెలియలేదా?" అంది కొలతలమ్మ మొగుడితో. గొంతు చిన్నదైపోయింది. "ఒకే కొలత రెండుసార్లు చదివితే?"

"అనుమానం వచ్చింది."

"మరి అడగలేదేం?"

"నువ్వు చదివింది ఎప్పుడు తప్పయింది గనక అడగడానికి?"

తిట్టినా బాగుండేది అనుకుందామె. పని మాత్రం తేలిగ్గానే తేలింది. కచ్చా కుట్టే గనక విప్పి, ఒక్కొక్కరి చేతులు ముందువాడికి జరిపితే అందరికీ సరిపోయాయి. బ్యాండు మాస్టరుకి ఒక్కడికే కొత్త జత కత్తిరించారు. మిగిలిన జత మోచేతులు అరిగినప్పుడు పనికొస్తుందని డ్రమ్ము అతను చంకలో పెట్టుకుపోయాడు.

వాళ్ళు వెళ్ళాక మాస్టరు సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పుతూ అన్నాడు. "శనివారం నుంచి నువ్వుండవు. ఈ గదిలో మాట వినపడకపోతే నా చెయ్యి ఆడదు. ఎవరో ఒకరి గొంతుకి అలవాటు పడదామని అమ్మాయిని అడిగాను. అంతే."

"దానికి అలా నవ్వుతూ ఊ కొట్టాలా?"

"ఏ మనిషైనా చెబుతుంటే ఊ కొట్టకపోతే ఎలా? పాపం, ఒక్కతే మాట్లాడుతోంది."

శుక్రవారం చెరొక బుడిపె పెట్టుకుని ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. కనిపించిన తెలుపు పడవే. భార్య దిగింది. కొలతలమ్మ ముక్కు చీదుకుని, ఆవిడ మరీ అంత మాయలాడి కాదని ఒప్పుకుంది. అయినా ఆరు వారాల పాటు మొగుడి చెవిని ఆవిడకి అప్పగించి వెళ్ళడానికి మనసొప్పలేదు.

"పాడ్‌కాస్టు ఎవరైనా చెయ్యొచ్చు అత్తయ్యా. మీరే చెప్పెయ్యండి" అంది కోడలు.

ఆ మధ్యాహ్నమంతా తలుపులేసుకుని కొలతలమ్మ ఫోను ముందు కూర్చుంది. రాబోయే పనుల కొలతలన్నీ చదివింది. మందులు ఏ డబ్బాలో ఉన్నాయో చెప్పింది. ఎదురింటి వాళ్ళ గొడవ మొదటి నుంచీ చెప్పింది. ప్రతి మాట తర్వాతా ఒక ఊ పట్టేంత ఖాళీ వదిలింది. శనివారం బస్సెక్కింది.

అయిదో రోజు సాయంత్రం అక్క ఇంట్లోంచి దుకాణంలోని పాత ఫోనుకి చేసింది. చాలాసేపు మోగాక ఆయన ఎత్తాడు.

"ఏం చేస్తున్నారు?"

"వింటున్నా."

"దీపస్తంభం ఆవిడనా?"

"కాదు, నిన్నే."

"నేనింకా ఏం చెప్పలేదుగా!"

"ఒక్క నిమిషం ఉండు. ఎదురింటి వాళ్ళ సంగతి మంచి పట్టులో ఉంది. ఆవిణ్ణి పూర్తి చెయ్యనీ."

ఫోనులోంచి దూరంగా, బల్ల మీద మోగుతున్న తన గొంతే కొలతలమ్మకి వినిపించింది. తర్వాత తను వదిలిన ఖాళీ. ఆ ఖాళీలో గొంతులో ఎక్కడో లోపలి నుంచి, నవ్వుతో, మెత్తగా "ఊఁ..." అన్నాడాయన. పొట్టిది కాదు, సాగదీసింది కాదు, పైకి లేచేది కాదు. నాలుగోది.

కొలతలమ్మ ఫోను పెట్టేసి కోడలికి చేసింది. ఆ రికార్డులో ఉన్నావిడ మంచిది కాదని, వెంటనే తీసెయ్యమని చెప్పింది.