ఒక గుంత, రెండు కండువాలు

నియోజకవర్గ అభివృద్ధి కోసం ఎంతటి త్యాగానికైనా సిద్ధమని ప్రకటించిన మా ఎమ్మెల్యే దశరథ గారు, ముందుగా పార్టీని త్యాగం చేశారు. ప్రతిపక్షం టికెట్టు మీద గెలిచి, అధికార పార్టీ కండువా కప్పుకున్నారు. పాత పార్టీవాళ్ళు ఆయన సభ్యత్వం రద్దు చెయ్యమని సభాపతికి ఫిర్యాదు చేస్తే, "పార్టీ మారలేదు, చలికి కప్పుకున్న" అని జవాబిచ్చారు. నడి మే నెలలో ఆయనకు చలి వేసిందని తెలిసి మాకందరికీ జాలి వేసింది.

ఫిర్యాదు పరిశీలనలో ఉంది. అది తేలేదాకా ఆయన రికార్డుల్లో ప్రతిపక్షం, రోడ్డు మీద అధికారపక్షం. పక్షానికో పక్షం మార్చేవాళ్ళను చూశాం గానీ, ఏకకాలంలో రెండు పక్షాల్లో ఉండటం మామూలు మనిషి వల్ల అవుతుందా?

ఆ మహిమను నేను కళ్ళారా చూసింది చైతన్యపురి హాస్టళ్ళ సందులో, భారతమ్మ మిర్చి బండి దగ్గర. బండి పక్కన మ్యాన్‌హోల్‌కు మూత పోయింది. వాన పడితే గుంతేదో రోడ్డేదో తెలియదు. కోచింగ్ పిల్లలు అటు రావడం మానేశారు. నూనె కాగుతోంది, బేరం చల్లారింది.

భారతమ్మను వెంటబెట్టుకుని ఎమ్మెల్యే ఆఫీసుకు వెళ్ళాను.

"సారూ, జర మూత ఏపియ్యి. రేపు ఒక్కడు పడ్డా ముందుగాల నా బండే లేపుతరు" అంది.

"ఏం జెయ్యాలక్కా? ఫండ్స్ అధికార పార్టోళ్ళకే ఇస్తున్నరు. నేను రికార్డుల ప్రతిపక్షం గద!" దశరథ గారి కళ్ళు చెమర్చాయి.

"అయితే ధర్నా చెయ్యండి సార్" అన్నాను.

"గదెట్లయితది? మా సర్కారు మీద మేమే ధర్నానా?"

మూత కోసం వెళ్ళి మూతి ముడుచుకుని వచ్చాం. వస్తూ వస్తూ భారతమ్మ, ఆఫీసు బయట పారేసిన పాత పార్టీ కండువా ఒకటి, లోపల పంచుతున్న కొత్త పార్టీ కండువా ఒకటి పట్టుకొచ్చింది. రెంటినీ ఒకే కర్రకు కట్టి గుంత పక్కన నిలబెట్టింది. పిల్లలు గుంత తప్పుకుని బజ్జీలకు రావడం మొదలుపెట్టారు.

ఎవరో ఫోటో తీసి ఫోన్లలో తిప్పారు. గుంత ఎవరికీ కనపడలేదు. కర్ర మాత్రం అందరికీ దశరథ గారిలాగే కనపడింది.

వానలోనే ఆయన దిగారు. ముందు కెమెరాలు, వెనక కొత్త పార్టీ కార్యకర్తలు. ఎదురుగా చాయ్ దుకాణంలో పాత పార్టీ కార్యకర్తలు.

"ఏంది గిది? నా ఇజ్జత్ తీస్తున్నవా?"

"ఇజ్జత్ గాదు సారూ, గుంత."

ఆయన కర్ర పీకి భారతమ్మ చేతిలో పెట్టి, కెమెరాల వైపు ఠీవిగా ఒక అడుగు వేశారు. గోడలెన్నో దూకిన మనిషి, గుంత దూకలేకపోయారు. చంకల దాకా దిగబడ్డారు.

"గుంజుండ్రిరా!"

కొత్త పార్టీవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అన్నా, మేం గుంజితే నువ్వు మా పార్టీ అని సాక్ష్యమైతది. కెమెరాలున్నయ్."

పాత పార్టీవాళ్ళు చాయ్ పూర్తిచేసి వచ్చారు. "మా పార్టీనే అని ఒక్క ముక్క చెప్పు అన్నా, గిప్పుడే గుంజుతం."

వానకు మురుగు పెరిగి గడ్డానికి తగులుతుండగా దశరథ గారు నిబ్బరంగా అన్నారు: "విషయం సభాపతి పరిశీలనల ఉంది."

భారతమ్మ మంట ఆర్పింది. కర్రకున్న కండువాలు విప్పి, రెండూ కలిపి ముడేసి గుంతలోకి విసిరింది. ఆమె, నేను లాగాం. దశరథ గారు పైకొచ్చి, తడిసిన కండువాలు రెండూ భుజాన కప్పుకుని కారెక్కారు. చలికి.

సాయంత్రానికల్లా యంత్రాంగం మెరుపులా కదిలింది. ప్రమాదానికి కారణమైన ఆక్రమణను తొలగించడానికి లారీ వచ్చింది. ఈ చర్యను రెండు పార్టీలూ ముక్తకంఠంతో స్వాగతించాయి.

లారీవాళ్ళు బండిని ఎత్తి వెనక్కి నడుస్తుంటే భారతమ్మ కేక వేసింది:

"జర పైలం బిడ్డా, ఆడ గుంత ఉంది!"