మెడ ఎత్తున తూటా

అయినా అది తన తూటాయేనని ఎవరు చూడొచ్చారు అనుకుంటూ, పోయిన వేసవిలో తాను పేల్చగా ఉక్కు పలకకు తగిలి వెనక్కి ఎగిరి, ఇప్పటికీ కాలనీలో తిరుగుతూనే ఉన్న తూటాకు దారి ఇవ్వడానికి చిదంబరం నడుం వంచి తల దించాడు. అది జుయ్యిమని పైనుంచి వెళ్లి, నీళ్ల ట్యాంకుకు తగిలి, మలుపు తిరిగింది.

"మీ తూటా ఇయ్యాల జర ఆలస్యమైంది సారూ. పానం బాగలేదా దానికి?" అంది పాలు పోసే రాజవ్వ, తనూ వంగి లేస్తూ.

"నాదని ఎవరన్నారు?"

"ఎవలంటరు సారూ, అందరికెరికనే."

తూటా బడి వేళకొకసారి, సాయంత్రం నడక వేళకొకసారి పెద్దవాళ్ల మెడ ఎత్తున వచ్చిపోయేది. మలుపుల్లో 'తల వంచండి' అని కాలనీ సంఘం బోర్డులు పెట్టింది. ఇద్దరు వంగలేదు. వాళ్ల ఫొటోలు సంఘం ఆఫీసులో దండలతో ఉన్నాయి. కింద 'నిర్లక్ష్యం' అని రాసి ఉంది.

గుట్ట కింద షూటింగ్ క్లబ్బులో గురిపెట్టే ఆ ఉక్కు పలకను కాస్త ముందుకు వాల్చి వేలాడదీస్తే తూటా ఇసుకలోకి దిగిపోతుంది. ఆ సంగతి సభ్యులందరికీ తెలుసు. కానీ వాల్చిన పలక దబ్బుమంటుంది. నిటారు పలక ఖంగుమంటుంది. ఆదివారం వాళ్లు వచ్చేది ఆ ఖంగు కోసమే. నిటారుగానే ఉంచాలన్న తీర్మానానికి చిదంబరమూ చెయ్యెత్తాడు. వారమంతా ఆఫీసులో ఎవరూ వినిపించుకోని తన మాటకు అక్కడ గుట్ట జవాబిచ్చినట్టుండేది. ఆ సుఖం ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకునేంత పెద్దదీ కాదు.

ముందురోజు ఆ తూటా అతని కూతురు హిమజ తలమీది రిబ్బను ఎగరేసుకుపోయింది. ఇన్నాళ్లూ దాని కింద నిటారుగా నడిచిన పిల్ల పొడుగైంది. అతను నడుస్తూనే క్లబ్బు సెక్రటరీ దామోదర్‌కు ఫోన్ చేశాడు.

"మా అమ్మాయి పొడుగైందండీ. పలక కొంచెం వాల్చుదామా?"

"అభినందనలండీ! అప్పుడే అంత పిల్లయిందా? ఇక వంగడం నేర్పించండి. మా వాడు నెలకల్లా నేర్చేశాడు."

ఇంటికి చేరేసరికి హిమజ సంచి తగిలించుకుని గేటు దగ్గర ఉంది. ఇద్దరూ బడి వైపు నడిచారు.

"నాన్నా, పలకనే వంచొచ్చు కదా?"

"వంచితే మోగదమ్మా."

"మోగకపోతే?"

అప్పుడే గుట్ట వైపు నుంచి ఖంగుమని వినిపించింది. ఎవరో సెలవు పెట్టుకుని వచ్చినట్టున్నారు. ఎంత బాగుందో అనుకున్నాడు చిదంబరం. ఆ వెంటనే వీధి చివర నీళ్ల ట్యాంకు టంగుమంది.

అతను హిమజ తల మీద అరచెయ్యి పెట్టి, మెల్లగా కిందికి వంచాడు. ఆ కొత్త తూటా వెళ్లిపోయాక కూడా చెయ్యి తియ్యలేదు.