తూనీగ మనిషి కోసం ఒక ప్రార్థన

"ఆ సినిమా చూసొచ్చిన సాయంత్రమే వీడు మేడెక్కి దూకుతాడండీ. నేను చెప్తున్నాను, మీరు వినరు," అంది జ్ఞానమ్మ, పొయ్యి మీది ఇడ్లీ పాత్ర దించకుండానే.

ఏసుపాదం మాస్టారు గడ్డం గీసుకుంటూ అద్దంలోంచే భార్యని చూశారు. "ఎవడే దూకేది? వాడికి పదిహేడేళ్ళు. సీనియర్ ఇంటరు."

"పదిహేడొస్తే ఎముకలు విరగవా? చిన్నప్పుడు దుప్పటి కట్టుకుని అరుగు మీంచి దూకలేదూ?"

"అరుగు మీంచి నేనూ దూకేను."

ఆ ఆదివారం వాళ్ళు అనుకున్నది పెద్ద ఏర్పాటేమీ కాదు. పొద్దున్న చర్చి, వచ్చాక కోడికూర, భోజనమయ్యాక కొడుకు శ్యామ్ సుందర్ బస్సెక్కి అమలాపురం వెళ్ళి మ్యాట్నీ చూసి దీపాలవేళకి ఇల్లు చేరడం. ఆడుతున్నది తూనీగ మనిషి రెండో భాగం. తూనీగ మనిషంటే వీపున రెక్కలు మొలిచిన ఒక గడియారాల రిపేరువాడు. ఇంగ్లీషు బొమ్మల పుస్తకాల్లో పుట్టి, సినిమాలోకి ఎగిరి, ఎవరో గొంతు అరువిస్తే తెలుగు మాట్లాడుతూ కోనసీమ దాకా వచ్చాడు. కొడుక్కి ఇంగ్లీషు అబ్బుతుందని ఆ పుస్తకాలు రాజమండ్రి పాత పుస్తకాల కొట్లోంచి తెచ్చి అలవాటు చేసింది మాస్టారే. మొదటి భాగం చివర అతగాడు కాలిపోతున్న మేడ మీంచి మంటల్లో పడిపోతాడు. బతికాడో లేదో తెలియక శ్యామ్ రెండేళ్ళుగా కాచుకుని ఉన్నాడు.

జ్ఞానమ్మ ఏడో తరగతితో చదువు ఆపేసింది గానీ పేపర్లో ప్రమాదాల వార్త ఒక్కటి వదలదు. బస్సు ఆలస్యమైతే కాలవలో పడిందంటుంది. ఫోను మోగితే ఎవరో పోయారంటుంది. మోగకపోతే, చెప్పడానికైనా ఎవరూ మిగల్లేదేమో అంటుంది. మొన్నెక్కడో ఎవరి పిల్లాడో సినిమా చూసి గోడ దూకి కాలు విరగ్గొట్టుకున్నాడని చదివిన దగ్గర్నుంచీ ఆవిడకి నిద్ర లేదు.

చర్చిలో ఆరాధన చివర అయ్యగారు ఎప్పటిలాగే, "ప్రార్థన మనవులుంటే చెప్పండమ్మా," అన్నారు. ఒకావిడ మోకాళ్ళ నొప్పి చెప్పింది. బుల్లబ్బాయి గేదె ఈనడం గురించి చెప్పాడు. జ్ఞానమ్మ కొంగు సవరించుకుని లేచింది.

లేచాక గానీ ఆవిడకి తట్టలేదు, ఆ గోడల మధ్య సినిమా అన్న మాట ఎత్తకూడదని. సినిమా హాలు గుమ్మం తొక్కినవాడి గతేమిటో అయ్యగారు పోయిన నెలే బల్ల గుద్ది చెప్పారు. పైగా మాస్టారు సండేస్కూలు పెద్ద. అందుకని సినిమా అన్న ముక్క మింగేసి, మిగిలింది బయటపెట్టింది.

"మా శ్యామ్ కోసం ప్రార్థన చెయ్యండయ్యగారూ. మేడెక్కి దూకేస్తాడేమోనని భయంగా ఉందండి."

చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. ఏం చెప్పినా ఏడవడం ఆవిడకి అలవాటే గానీ ఆ సంగతి ఇంట్లోవాళ్ళకే తెలుసు. అయ్యగారు దిగి దగ్గరికి వచ్చారు.

"ఎన్నాళ్ళ నుంచమ్మా ఇలా?"

"చిన్నప్పట్నుంచీ ఉందండి. ఈమధ్య మళ్ళీ ఎక్కువైందండి."

"కారణం తెలుసా?"

"తెలుసండి. ఇక్కడ చెప్పేది కాదండి."

వెనక బల్ల మీంచి శ్యామ్ లేచాడు. "నాకేం లేదండయ్యగారూ. బస్సుకి టైమవుతోందండి."

"ఎక్కడికి నాయనా?"

శ్యామ్ తండ్రి వంక చూశాడు. తండ్రి పాటల పుస్తకం వంక చూశారు.

"ఊరికేనండి," అన్నాడు శ్యామ్.

ఊరికే బస్సెక్కి వెళ్ళిపోదామనుకున్న కుర్రాణ్ణి ఏ సంఘం వదులుతుంది? ముందు బల్ల మీద కూర్చోబెట్టి, అందేవాళ్ళు నెత్తి మీద, అందనివాళ్ళు ముందువాళ్ళ భుజాల మీద చేతులు వేసి ప్రార్థన మొదలుపెట్టారు. ఆ ప్రార్థన పూర్తయ్యేసరికి అమలాపురంలో మ్యాట్నీకి గంట కొట్టే ఉంటారు.

మధ్యాహ్నం నుంచి ఇంటికి జనం. ఒకరు అరటి గెల తెచ్చారు, ఒకరు పూతరేకులు తెచ్చారు. బుల్లబ్బాయి మేడ నిచ్చెన తీసి తన పాకలో దాచేశాడు. సంఘపెద్ద దానం గారు యువకుల్ని వంతులు వేసి కాపలా పెట్టారు. శ్యామ్ పెరట్లోకి వెళ్తే ఇద్దరు, నూతి దగ్గరికి వెళ్తే నలుగురు. "కొంచెం నవ్వు తమ్ముడూ," అని ఒకడూ, "నవ్వించకురా, లోపల ఏడుస్తున్నాడేమో," అని ఇంకొకడూ.

ఇంతకీ ఇక్కడ చెప్పేది కాదన్న కారణమేమిటి? వరండాలో ఆడవాళ్ళు దాన్ని చిక్కుడుకాయ ఒలిచినట్టు ఒలిచారు. పదిహేడేళ్ళవాడికి ఇంకేం కారణముంటుంది, పిల్లే. ఏ పిల్లన్నదే మిగిలింది. మర్నాడది కూడా తేలిపోయింది. శ్యామ్‌తో అదే కాలేజీలో చదువుతున్న నిఖిత సంచీలో శ్యామ్ పేరున్న బొమ్మల పుస్తకం దొరికింది. అట్ట మీద రెక్కలున్నవాడొకడు ఒక అమ్మాయి నడుం పట్టుకుని ఆకాశంలో ఎగురుతున్నాడు. ఆ సంచీ వెతికింది దానం గారే. నిఖిత ఆయన కూతురు.

"తూనీగ మనిషి నాన్నా. కథ బాగుంటుందంటే తీసుకున్నాను," అంది నిఖిత.

"మనిషో పురుగో, మనింట్లోకి ఎందుకొచ్చేడు?"

నిఖిత కాలేజీ ఆగిపోయింది. రాజోలులో మేనత్త దగ్గరికి పంపేస్తారన్న మాట ఊరంతా పాకింది.

అది విని జ్ఞానమ్మ నిజం చెప్పేద్దామని చెప్పులు కూడా వేసుకోకుండా దానం గారింటికి పరిగెత్తింది. ఆయన కుర్చీ వేసి కూర్చోమన్నారు.

"మీరేం బాధపడకండి చెల్లెమ్మా. మా పిల్ల మూలంగా మీ అబ్బాయి ప్రాణం పోకూడదు. చదువుదేముందండీ, అది ఆగినా ఫర్వాలేదు. ప్రాణం మళ్ళీ రాదు కదండీ."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంత త్యాగం ముందు సినిమా అన్న మాట ఎలా పెడుతుంది? తలుపు వెనక నిఖిత నిలబడి తనవైపే చూస్తోందని తెలుస్తూనే ఉంది. జ్ఞానమ్మ, "ఆయ్," అని లేచి వచ్చేసింది.

"చెప్పేసేవా?" అన్నారు మాస్టారు.

"ఎలా చెప్పమంటారు? చెప్తే మీ సండేస్కూలు ఉంటుందా? వెళ్ళమని టిక్కెట్టుకి డబ్బులిచ్చింది మీరు కాదూ?"

మాస్టారు గీసుకున్న గడ్డమే మళ్ళీ గీసుకోవడానికి అద్దం ముందుకి వెళ్ళారు.

శ్యామ్ అయితే ఆదివారం నుంచీ తల్లితో మాట్లాడడం మానేశాడు. అన్నం పెట్టనా అంటే పలకడు. పెడితే తింటాడు. కోపమా అంటే పలకడు. పేపర్లో ప్రమాదాలన్నీ చదివిన ఆవిడకి ఈ ప్రమాదం ఎక్కడా తగల్లేదు. ఇంతలో అమలాపురం హాల్లో రెక్కల బొమ్మ దించేసి కొత్త సినిమా బొమ్మ కట్టేశారని కాపలా కుర్రాళ్ళలో ఒకడు నోరు జారాడు.

శనివారం అయ్యగారు కబురు పెట్టారు. రేపు ఆరాధనలో అబ్బాయి సాక్ష్యం చెప్పాలి, ప్రభువు తనని ఏ గోతిలోంచి లేపాడో సంఘమంతా వాడి నోటనే వినాలి.

జ్ఞానమ్మ కొడుకు పక్కన చేరింది. "ఏదో విరక్తి పుట్టింది, ప్రార్థనతో పోయింది అని చెప్పెయ్యి నాయనా. నీకూ మంచిది, నాన్నకీ మంచిది. పోయిన సినిమా ఎలాగూ పోయింది."

శ్యామ్ ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశాడు. మంచి జరిగేవాళ్ళలో తను ఎవరి పేరు వదిలేసిందో జ్ఞానమ్మకి అప్పుడు తెలిసింది. తెలిసి, తల తిప్పేసుకుంది.

మర్నాడు చర్చి నిండిపోయింది. ఆడవాళ్ళ వైపు రెండో బల్ల మీద నిఖిత, పక్కన రాజోలు నుంచి వచ్చిన మేనత్త. ప్రార్థన కాగానే బయల్దేరేలా వాళ్ళ సూట్‌కేసు గుమ్మం పక్కనే పెట్టి ఉంది. అయ్యగారు శ్యామ్‌ని ముందుకి పిలిచి భుజం మీద చెయ్యి వేశారు.

"భయపడకు బాబూ. దూకాలన్నంత కష్టం నీకేమొచ్చింది?"

అయ్యగారు మళ్ళీ అడిగారు. ఎవరో దగ్గారు. పసిపిల్ల ఒకతి ఏడుపు ఎత్తుకుంటే తల్లి నోరు మూసింది. మాస్టారు పాటల పుస్తకం తెరిచారు, ఏ పాటా వెతకలేదు. జ్ఞానమ్మ కళ్ళు మూసుకుని, వీణ్ణి నోరు తెరవనివ్వకు ప్రభువా అని వేడుకుంది. ఆవిడ అంత గట్టిగా ఎన్నడూ వేడుకుని ఉండదు. చివరికి, వారమంతా మాట్లాడని గొంతు కాస్త బొంగురుగా వినిపించింది.

"దూకుదామనుకోలేదండి. మ్యాట్నీకి వెళ్దామనుకున్నానండి. నిఖితకి పుస్తకం చదవమని ఇచ్చేను, అంతేనండి."

ప్రేమ అయితే ప్రార్థనకి లొంగేది గానీ సినిమా అంటుకుంటే వదలదని, దానం గారు కూతుర్ని ఆ మధ్యాహ్నం బస్సుకే రాజోలు పంపించేశారు.