మూడో గుండీ లేని తాతలు

ఆ సోమవారం ఉదయం ఫైలుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, హాల్లో గోడమీదున్న నలుగురు తాతల పటాలూ తుడవడం, ఒక్కొక్కరి గురించి నాలుగేసి వాక్యాలు రాసి వంశవృక్షంలో అతికించడం. మధ్యాహ్నం భోజనం వేళకి పని అయిపోవాలి. ప్రభుత్వ రికార్డు గదిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, ఏ కాగితం ఏ అలమరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పిన మనిషికి ఇదొక పనా?

ఆయన అసలు పేరు ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆఫీసులో ఆయన నమ్మిన సూత్రం ఒక్కటే: కాగితం మీద లేనిది జరగలేదు. రిటైరయ్యాక ఆ సూత్రాన్ని కూడా పెన్షన్‌తోపాటు ఇంటికి తెచ్చుకున్నారు. నిన్న కొళాయి రాలేదని భార్య అంటే, "ఎక్కడైనా రాసిపెట్టావా?" అని అడిగేవారు. ఆవిడ జవాబు చెప్పడం మానేసి చాలా కాలమైంది.

వంశవృక్షం అవసరం ఎందుకొచ్చిందంటే, అమ్మాయికి సంబంధం కుదిరింది. అబ్బాయీ అమ్మాయీ ఒకరికొకరు బాగా నచ్చారు. కాబోయే వియ్యంకుడు ప్రింటింగ్ ప్రెస్సు యజమాని. ఆయన తమ ఏడు తరాల చరిత్రను గట్టి అట్టవేసి, బంగారు రంగు అక్షరాలతో అచ్చువేయించి ఒక ప్రతి పంపించాడు. అది అందిన రోజు నుంచి ఫైలుగారికి ముద్ద దిగడం లేదు. ఆదివారం వాళ్లు మొదటిసారి ఇంటికి వస్తున్నారు. ఈలోగా తన వంశం కూడా తక్కువేమీ కాదని కాగితం మీద నిరూపించకపోతే, కూతురి పెళ్లిలో తలెత్తుకు తిరగలేనని ఆయన భయం.

నిచ్చెన వేసుకుని, భూతద్దం పట్టుకుని పైకెక్కారు. ఆ పటాలు ఆయన పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నాయి కాబట్టి ఎప్పుడూ వాటిని చూడలేదు. ఇప్పుడు దగ్గరగా చూస్తే నలుగురికీ ఒకే ముక్కు. నలుగురికీ ఎడమ చెవి కుడి చెవికంటే బాగా బయటికి వచ్చి ఉంది. అంతవరకూ రక్తసంబంధం అనుకోవచ్చు. కానీ నలుగురూ ఒకే కోటు తొడుక్కున్నారు, ఆ కోటుకి మూడో గుండీ లేదు. నూరేళ్లు, నాలుగు తరాలు గడిచినా ఒక్క గుండీ కుట్టించుకునే తీరిక ఈ వంశంలో ఎవరికీ దొరకలేదా?

కిటికీ పక్క కుర్చీలో ఆయన మేనత్త కూర్చుని ఉంది. ఎనభై మూడేళ్ల మనిషి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు, ఆ ఇల్లు వదల్లేదు.

"ఒరేయ్, వాటి సంగతి నన్నడగరాదూ?" అంది.

"కాగితం ఏదైనా ఉందా అత్తయ్యా?"

"కాగితం దేనికిరా? నేనున్నాగా!"

"నోటిమాట సాక్ష్యం కాదత్తయ్యా," అన్నారు ఫైలుగారు నిచ్చెన మీంచి, చాలా మర్యాదగా. ఆవిడ మళ్లీ కిటికీలోంచి వీధిలోకి చూడసాగింది.

మూడో తాత మెడలో ఒక పసుపుపచ్చ పట్టీ వేలాడుతోంది. భూతద్దంలో దానిమీద చిన్న చిన్న అంకెలు కనిపించాయి: ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై. ఫైలుగారికి ఒళ్లు ఝల్లుమంది. కిందికి దిగి చకచకా రాసేశారు: "మూడవ తాతగారు నలభైవ సైనిక దళానికి అధిపతి. మెడలోనిది గౌరవ పట్టీ. కోటు తరతరాలుగా వంశపెద్దకు సంక్రమించే అధికార చిహ్నం." చదువుకుని చూసుకుంటే ఆయన ఛాతీ ఓ అంగుళం వెడల్పయింది. అయితే వంశపెద్ద ఇప్పుడు తనే. ఆదివారం నాటికి తనకీ అలాంటి కోటు కావాలి. గుండీ లేకుండానే.

పటాల్లోకెల్లా చిన్నదైన మొదటి తాత పటాన్ని చంకలో పెట్టుకుని వీధి చివర టైలరు దుకాణానికి వెళ్లారు. అతను దుకాణం తెరిచి రెండు నెలలైంది. ఫైలుగారి భార్య జాకెట్లు ఆరు అతని దగ్గర ఉన్నాయి, అవీ రెండు నెలల నుంచే. ఎప్పుడడిగినా "రేపు" అంటాడు. ఫైలుగారు పటం బల్లమీద పెట్టి, "ఇలాంటి కోటు కుట్టాలి," అన్నారు. టైలరు మిషను మీంచి తలెత్తాడు.

అదే ముక్కు. అదే చెవి.

ఫైలుగారు నోరెళ్లబెట్టారు. టైలరు ఆయన వంక చూడనేలేదు. పటం వంకే చూస్తున్నాడు. "ఇదేంటి సార్... అచ్చం మా నాన్న! మా నాన్నకి మీసం ఉండేది కాదు గానీ, అచ్చం ఆయనే!"

"మీ నాన్నగారి ఫొటో ఏదైనా ఉందా?"

"ఒక్కటీ లేదు సార్. నా చిన్నప్పుడే పోయాడు. కుర్రతనంలో ఈ వీధిలోనే ఉండేవాడట. అందుకే ఇక్కడ దుకాణం పెట్టా."

అంతే, ఫైలుగారి బుర్రలో అలమరలన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. మొదటి తాతగారి పోలిక చెక్కుచెదరకుండా వచ్చిందంటే, ఇతను పెద్ద కొడుకు శాఖవాడు. తప్పిపోయిన పెద్ద శాఖ! తమది చిన్న శాఖ. కాగితం లేని మాట నిజమే గానీ, ముఖం మీదే ముద్ర పడి ఉన్నప్పుడు కాగితం ఎందుకు? ముప్పై నాలుగేళ్ల సూత్రాన్ని ఆయన జీవితంలో మొదటిసారి పక్కన పెట్టారు. పప్పులో కాలేసింది అక్కడే.

"నువ్వు నాకు అన్నవి," అన్నారు.

టైలరు ముందు నవ్వాడు. తర్వాత పటం వంక మళ్లీ చూశాడు. తర్వాత మిషను ఆపి, కళ్లు తుడుచుకుని, "అయితే పదరా తమ్ముడూ, ఇల్లు చూద్దాం," అన్నాడు.

మంగళవారం నుంచి టైలరు ఉదయం కాఫీకి రావడం మొదలుపెట్టాడు. బుధవారం హాల్లో సోఫా వెలుతురుకి అడ్డంగా ఉందని జరిపించాడు. గురువారం ఫైలుగారి వాలుకుర్చీలో కూర్చుని పేపరు చదివాడు. ఫైలుగారు స్టూలు మీద కూర్చుని, అన్నగారు ఒక్కో పేజీ వదిలేదాకా కాచుకున్నారు. కోటు కూడా అయింది, కానీ అది పెద్ద శాఖకి చెందాలి గనక టైలరే తొడుక్కున్నాడు.

"ఎవరో ఏమిటో తెలీకుండా ఈ ఆరాటం ఏంటండీ?" అని భార్య ముక్కున వేలేసుకుంది. సరిగ్గా ఆ సాయంత్రం టైలరు నాలుగు జాకెట్లు కుట్టి, మడతపెట్టి పట్టుకొచ్చాడు. "మరదలివి కదా, ముందు కుట్టేశా," అన్నాడు. ఆవిడ తొడిగి చూసుకుంది. ఒక్క కుట్టు విప్పే పని లేదు. "బావగారికి ఇంకో కాఫీ ఇవ్వనా?" అంటూ వంటింట్లోకి వెళ్లింది. ఆపైన చుట్టరికం మీద ఆవిడ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

మేనత్త మాత్రం టైలరు వచ్చినప్పుడల్లా అతన్నే చూస్తూ కూర్చునేది. శనివారం మళ్లీ నోరు విప్పింది. "ఒరేయ్ నాన్నా, ఈ అబ్బాయి..."

"పెద్ద శాఖ అత్తయ్యా. చార్టులో ఎక్కించేశాను."

"నన్నెక్కడ ఎక్కించావు అందులో?"

ఫైలుగారు చార్టు వంక చూశారు. గడులన్నీ మగవాళ్లవే. పాత రికార్డుల పద్ధతి అది. "చోటు చాల్లేదు," అన్నారు.

ఆదివారం పదింటికి వియ్యాలవారి కారు ఆగింది. వంశపెద్ద హోదాలో కోటు తొడుక్కుని టైలరే తలుపు తీశాడు. గుమ్మంలో వియ్యంకుడు, ఆయన వెనక పెళ్లికొడుకు. వియ్యంకుడి చేతిలో గుడ్డ చుట్టిన పటమొకటి ఉంది. లోపలికి రాబోయినవాడు టైలరు ముఖం చూసి అక్కడే కొయ్యబారిపోయాడు.

"మా తాతగారు!" అన్నాడు.

"మా అన్నగారండీ," అన్నారు ఫైలుగారు ముందుకొచ్చి. "మా వంశానికి పెద్ద."

వియ్యంకుడు గుడ్డ విప్పాడు. పెళ్లి హాల్లో రెండు వంశాల పెద్దల పటాలూ పక్కపక్కన పెడదామని, తన పుస్తకం రెండో ముద్రణకి అట్టమీద కూడా వేద్దామని తెచ్చిన పటం అది. అదే ముక్కు, అదే చెవి, అదే కోటు. మూడో గుండీ లేదు.

అందరూ గోడవైపు చూశారు. గోడమీద నలుగురు, వియ్యంకుడి చేతిలో ఒకరు, గుమ్మం పక్కన ఊపిరి తీసుకుంటూ ఒకరు.

ముందుగా లెక్క తేలింది ఫైలుగారికే. తేలకుండా ఉంటే బాగుండేది. "బావగారూ," అన్నారు నీరసంగా, "అంటే మీదీ మాదీ ఒకే వంశం. మనం దాయాదులం. పిల్లలు... అన్నాచెల్లెళ్లవుతారు."

కాఫీ కప్పుల ట్రేతో వస్తున్న అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది. కప్పులు గలగలమన్నాయి. పెళ్లికొడుకు పాలిపోయిన ముఖంతో, "నాన్నా, పటం పొరపాటేమో చూడండి," అన్నాడు. "మా తాతగారిని పొరపాటంటావా!" అని వియ్యంకుడు అరిచాడు గానీ, ఆయన గొంతులోనూ పస లేదు. అమ్మాయి ట్రే కింద పెట్టి తండ్రి వంక చూసింది. ఏడు తరాల పుస్తకం వచ్చినప్పుడు కూడా ఫైలుగారికి అంత సిగ్గు వేయలేదు. కూతురి పెళ్లిలో తలెత్తుకు తిరగాలని బయల్దేరి, తన చేత్తోనే పెళ్లి చెడగొట్టుకున్నారు. వెళ్లి మేనత్త కుర్చీ పక్కన స్టూలు మీద కూలబడ్డారు.

"అత్తయ్యా," అన్నారు. "నీకేమైనా తెలుసా?"

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "నోటిమాట సాక్ష్యం కాదుగా. మూడో పటం దింపి వెనక్కి తిప్పు."

టైలరే అందుకుని దింపాడు. దింపుతూ మెడలోని పట్టీ చూసి, "ఇది కొలతల టేపు కదా!" అన్నాడు. వెనకాల అట్టమీద నీలం సిరాతో గుండ్రటి అక్షరాలున్నాయి. ఫైలుగారు పైకి చదివారు: "మూడో పటం. ఎదురింటి టైలరు ఐదు రోజులు కూర్చున్నాడు. కోటు ఎవరో కుట్టించుకుని తీసుకెళ్లనిది, గుండీ ఒకటి తక్కువ. మీసం నేను పెట్టాను." కింద మేనత్త సంతకం.

"మా నాన్న ఈ ఇల్లు కట్టాక గోడలు బోసిగా ఉన్నాయన్నాడు," అంది ఆవిడ. "అందరి ఇళ్లల్లో తాతలున్నారు, మనకి లేరని బాధ. ఫొటోలా ఒక్కటీ లేవు. నాకు బొమ్మలొచ్చుగా, వెయ్యమన్నాడు. వేశాక, ఆడపిల్ల వేసిందంటే విలువుండదు, నోరెత్తకు అన్నాడు. ఎత్తలేదు. తర్వాత వేసే తీరికా లేకపోయింది."

వియ్యంకుడు మెల్లగా తన పటాన్ని కూడా తిప్పాడు. అవే గుండ్రటి అక్షరాలు. "ఐదో పటం. ఎక్స్ఛేంజీ సూపర్వైజరుగారికి. వాళ్ల నాన్నగారి ఫొటో లేదట. హుందాగా ఉంటే చాలన్నారు."

"సూపర్వైజరు మా నాన్నగారే," అన్నాడు వియ్యంకుడు, గాలి తీసేసినట్టు.

అమ్మాయి ముందుగా నవ్వింది. ఆ వెనకే పెళ్లికొడుకు. ఆ నవ్వు చూసి ఫైలుగారికి కళ్లంట నీళ్లొచ్చాయి. వియ్యంకుడు ఆయన చెవి దగ్గరికి వంగి, "బావగారూ, ఈ వెనకవైపు సంగతి మన మధ్యనే ఉండనిద్దాం," అన్నాడు. "కాగితం మీద ఉంది కదండీ," అన్నారు ఫైలుగారు, అలవాటుకొద్దీ.

టైలరు ఇవేవీ వినడం లేదు. కోటు విప్పి కుర్చీకి తగిలించి, మూడో పటాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మీసాన్ని బొటనవేలితో మూసి చూస్తున్నాడు. "మా నాన్న ఇంత బాగుండేవాడా అమ్మా?"

"కదలకుండా కూర్చునేవాడు," అంది మేనత్త. "అది నువ్వు తీసుకెళ్లు."

"అదేంటి అత్తయ్యగారూ," అంది ఫైలుగారి భార్య, "ఐదు పటాలకీ ఇంకో మనిషే దొరకలేదా?"

ఆవిడ కిటికీలోంచి ఎదురింటి వైపు చూసింది. "వెతికితేగా," అంది.

తర్వాత ఫైలుగారు చార్టుని నాలుగు మడతలు పెట్టి పక్కన పడేసి, కొత్త కాగితం తెచ్చుకున్నారు. మధ్యలో పెద్ద గడి గీసి, అందులో మేనత్త పేరు రాసి, పక్కన "చిత్రకారిణి" అని చేర్చారు. స్టూలు దగ్గరికి జరుపుకుని, "ఇంక చెప్పత్తయ్యా, రాసుకుంటాను," అన్నారు.

వియ్యంకుడు ఆగకుండా వచ్చే నెలకే పెళ్లి ఖాయం చేసేశాడు. సోమవారం ఫైలుగారి భార్య మిగిలిన రెండు జాకెట్ల కోసం దుకాణానికి వెళితే, టైలరు గోడకి తగిలించిన తండ్రి పటం కింద కూర్చుని, మిషను మీంచి తలెత్తకుండానే "రేపు మేడం," అన్నాడు.